షుగర్ ఉన్న ఇంట్లో గ్రీన్ టీ: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

షుగర్ ఉన్నదని తేలిన ఇంటికి వచ్చే చుట్టాల సలహాల్లో కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, నేరేడు గింజల పొడి తరువాత ఇప్పుడు గ్రీన్ టీ కూడా చేరింది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వంటి పట్టణాల్లోనే కాక మండల కేంద్రాల కిరాణా దుకాణాల్లో కూడా దాని డబ్బాలు దొరుకుతున్నాయి. షుగర్ ఉన్నవారిలో చాలామంది దానిని నిరభ్యంతరంగా తాగవచ్చు. కానీ దాని వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం ఆకులోని గుణం కన్నా, రోజూ నాలుగైదు సార్లు తాగే చక్కెర ఛాయ్ తగ్గడం వల్లనే వస్తుంది. ఈ సంగతి గమనించక, పాత ఛాయ్‌లన్నీ అలాగే ఉంచుకుని వాటిపైన రెండు కప్పుల గ్రీన్ టీ కలుపుకునేవారికి పరీక్ష కాగితంలో చెప్పుకోదగిన తేడా కనిపించదు. పైగా బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉన్న మన ప్రాంతంలో, కప్పులో పోసే నీరు ఎక్కడిదో కూడా చూసుకోవలసి ఉంటుంది. అందువల్ల ఏ క్రమంలో మొదలుపెట్టాలో, ఎవరు ఆగాలో కింద వివరిస్తున్నాను.

ఎంత మేలు ఆశించవచ్చు

గ్రీన్ టీ, మనం రోజూ కాచుకునే టీ పొడి రెండూ కామెల్లియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క నుంచి వస్తాయి. కోసిన ఆకును ఆలస్యం చేయకుండా ఆవిరిలో గాని, వేడి పెనం మీద గాని వేడిచేస్తే దానిలోని ఆక్సీకరణం ఆగిపోయి కాటెచిన్‌లు అనే పదార్థాలు చాలావరకు నిలిచి ఉంటాయి. మామూలు టీ పొడి తయారీలో ఇవే కాటెచిన్‌లు మారిపోయి నల్లని రంగును, ఘాటైన రుచిని ఇస్తాయి. కాటెచిన్‌లలో ముఖ్యమైనది ఎపిగాలోకాటెచిన్ గాలేట్. దీనినే పొట్టిగా ఈజీసీజీ అంటారు. అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైముల వేగాన్ని ఇది తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. అయితే గాజు గొట్టంలో కనిపించినంత ప్రభావం మనిషి పేగులో కనిపించలేదు.

మనుషుల మీద జరిగిన పరిశీలనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. జపాన్‌లో 17,413 మందిని అయిదేళ్ల పాటు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఆరు కప్పులు, అంతకు మించి గ్రీన్ టీ తాగేవారిలో కొత్తగా షుగర్ రావడం మూడింట ఒక వంతు తక్కువగా కనిపించింది. కాని అలా తాగేవారి తిండి, నడక, అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు గనుక ఆ ఘనతంతా టీకే ఇవ్వలేము. చైనాలోని షాంఘైలో ఇలాగే చాలామందిని గమనించిన మరో అధ్యయనంలో ఫలితం ఇందుకు ఎదురుగా వచ్చింది. ఒక గుంపుకు గ్రీన్ టీ, మరో గుంపుకు మరొకటి ఇచ్చి పోల్చిన ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలు ఇంతకన్నా నమ్మదగినవి. 2013లో 17 ప్రయోగాలను, 2020లో 27 ప్రయోగాలను కలిపి లెక్కించినప్పుడు, పరగడుపు షుగర్ సగటున డెసిలీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల మేర మాత్రమే తగ్గింది. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ విషయంలో మొదటి విశ్లేషణ 0.3 శాతం తగ్గుదల చూపగా, రెండవది చెప్పుకోదగిన తేడా ఏదీ చూపలేదు. మెట్‌ఫార్మిన్ గోలీతో హెచ్‌బీఏ1సీ సుమారు ఒక శాతం వరకు తగ్గుతుంది. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకే పదిహేను శాతం దాకా తేడా చూపే అవకాశాన్ని ప్రమాణాలు అనుమతిస్తాయి. కాబట్టి ఒకటిన్నర మిల్లీగ్రాముల తగ్గుదలను ఆ యంత్రం పట్టుకోలేదు. ఎవరైనా గ్రీన్ టీ తాగిన మరునాడే షుగర్ నలభై పాయింట్లు పడిపోయిందని చెబితే, దానికి కారణం ముందు రాత్రి భోజనంలోనో, గోలీలోనో, వేలికి అంటిన తీపిలోనో వెతకాలి.

మొదటి మెట్టు: మీ అంకెలు, మీ గోలీల చీటీ

మొదలుపెట్టే ముందు ఇటీవలి పరీక్ష కాగితం ఎదురుగా పెట్టుకోండి. పరగడుపు షుగర్ 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ఉంటే షుగర్‌కు ముందు దశ, 126 గాని అంతకు మించి గాని ఉండి మరో పరీక్షలో కూడా రుజువైతే షుగర్ వ్యాధి. హెచ్‌బీఏ1సీలో ఇదే విభజన 5.7 శాతం దగ్గర, 6.5 శాతం దగ్గర జరుగుతుంది. ఇప్పటివరకు పరీక్షే చేయించుకోనివారు, ముప్ఫై ఏళ్లు దాటినట్లయితే, దగ్గరి పల్లె దవాఖానాలో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని ముందు ఆ పని పూర్తిచేయాలి.

తరువాత గోలీల చీటీ చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర ఛాయ్ మానడం వల్ల ఇబ్బంది రావడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి గోలీలు గాని, ఇన్సులిన్ సూది గాని తీసుకునేవారి సంగతి వేరు. ఉదయం టిఫిన్ లేకుండా రెండు తియ్యటి ఛాయ్‌లతోనే పొలానికో, మిల్లుకో, మేస్త్రీ పనికో వెళ్లడం మన దగ్గర కొత్త కాదు. అటువంటివారు ఆ చక్కెరను ఒక్కసారిగా తీసివేసి, దాని చోట ఏ ఆహారమూ లేని గ్రీన్ టీ పెట్టుకుంటే షుగర్ 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక దాని గుర్తులు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోవాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానాకు తీసుకుపోవాలి. కాబట్టి ఈ గోలీలు వాడేవారు ఉదయం జొన్న రొట్టెనో, ఇడ్లీనో తినడం ముందు ఖాయం చేసుకుని, ఛాయ్ మార్చుతున్నట్లు డాక్టరుకు చెప్పి మార్చాలి. గ్రీన్ టీని నమ్ముకుని గోలీ మానడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు.

రెండవ మెట్టు: రోజులోని ఛాయ్‌లను లెక్కించడం

అసలు మేలు ఇక్కడే ఉంది గనుక ఈ పనికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. లేవగానే ఒకటి, టిఫిన్ తరువాత ఒకటి, పని దగ్గర పదకొండింటికి ఒకటి, సాయంత్రం బస్టాండు దగ్గర అల్లం ఛాయ్, ఎవరింటికైనా వెళితే వారు ఇచ్చేది, ఇలా ఒక్కటీ వదలకుండా కాగితం మీద రాయండి. ఒక్కో కప్పులో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు పది గ్రాములు. అయిదు కప్పులకు యాభై గ్రాములు, రెండు వందల కేలరీలు. విడిగా కలుపుకునే చక్కెరలను రోజుకు ఇరవై అయిదు గ్రాముల లోపుకు తెచ్చుకుంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. షుగర్ లేనివారికి కూడా వర్తించే ఆ సూచనకు రెట్టింపు మోతాదు మన ఛాయ్‌లలోనే వెళ్లిపోతున్నది. ఛాయ్‌తో పాటు నంజుకునే ఉస్మానియా బిస్కెట్లు ఈ లెక్కలో చేరలేదు.

లెక్క తేలాక, మీరు పెద్దగా రుచి కోసం కాకుండా అలవాటు కొద్దీ తాగే రెండు ఛాయ్‌లను గుర్తించి, మొదటి వారం వాటి స్థానంలోనే గ్రీన్ టీ పెట్టండి. మిగిలిన ఛాయ్‌లలో చక్కెరను రెండు చెంచాల నుంచి ఒకటికి, కొన్ని రోజుల తరువాత అరకు తగ్గిస్తూ రండి. బెల్లం ఛాయ్‌కి మారితే సరిపోతుందన్న మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది గాని, బెల్లంలో కూడా ఎక్కువ భాగం చక్కెరే గనుక రక్తంలో షుగర్ దాదాపు అదే విధంగా పెరుగుతుంది. తేనె విషయం కూడా ఇంతే. గ్రీన్ టీలో చెంచా తేనె వేసుకుంటే అయిదారు గ్రాముల చక్కెర చేరినట్లు.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. గ్రీన్ టీ రుచి మీకు ఎంతకీ నచ్చకపోతే, చక్కెర లేని పాల ఛాయ్‌తోనో, పాలు లేని నల్ల ఛాయ్‌తోనో ఈ మేలులో చాలావరకు దక్కించుకోవచ్చు. పెళ్లిళ్లలో, చావుల్లో, పలకరింపులకు వెళ్లినప్పుడు ఛాయ్ కాదంటే ఎదుటివారు నొచ్చుకుంటారు. అటువంటి చోట గ్రీన్ టీ అడిగే బదులు, ఛాయ్ పెట్టకముందే చక్కెర లేకుండా ఒక కప్పు తీయమని చెప్పడం సులభం.

మూడవ మెట్టు: కప్పులోకి ఏ నీరు

మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి, దేవరకొండ వైపు ఊళ్లలో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ ఎన్ని నడుములను వంచిందో కొత్తగా చెప్పనవసరం లేదు. పాలమూరు వైపు కూడా కొన్ని ఊళ్ల బోర్లలో ఇది హద్దు మించి ఉంటుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. మరో నీటి ఆధారం లేని చోట మాత్రమే ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. టీ మొక్క నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకుల్లో నిలువ చేసుకుంటుంది. ఆ ఫ్లోరైడ్‌లో చాలా భాగం కాచినప్పుడు కప్పులోకి దిగుతుంది. శుద్ధమైన నీటితో కాచిన గ్రీన్ టీలోనే లీటరుకు ఒక మిల్లీగ్రాము, కొన్ని రకాల్లో అంతకు మించి ఉండవచ్చు. ముదురు ఆకులో, చౌక రకపు పొడిలో ఇది ఎక్కువ. లేత చిగురులో తక్కువ. మామూలు టీ పొడిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది గనుక, ఛాయ్‌కి బదులుగా గ్రీన్ టీ తాగేవారికి కొత్తగా చేరే భారమేమీ ఉండకపోవచ్చు. పాత ఛాయ్‌లు మానకుండా, బోరు నీటితో రోజుకు నాలుగైదు కప్పుల గ్రీన్ టీ అదనంగా కాచుకునేవారికి మాత్రం నీటి ఫ్లోరైడ్ మీద ఆకు ఫ్లోరైడ్ కూడా చేరుతుంది.

షుగర్ ఉన్నవారికి ఇది మరింత ముఖ్యం కావడానికి రెండు కారణాలు ఉన్నాయి. షుగర్ అదుపులో లేనప్పుడు దాహం ఎక్కువై నీళ్లు ఎక్కువ తాగుతారు. నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా ఎక్కువగా లోపలికి పోతుంది. శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపే పని ప్రధానంగా మూత్రపిండాలది. ఏళ్ల తరబడి షుగర్ ఉండి కిడ్నీలు బలహీనపడినవారిలో అది సరిగా బయటికి పోక ఎముకల్లో పేరుకుంటుంది.

కాబట్టి గ్రీన్ టీకి గాని, ఇంట్లో వంటకు గాని మిషన్ భగీరథ నల్లా నీరు వస్తే అదే వాడండి. నల్లగొండ వైపు వచ్చే ఆ నీరు కృష్ణా నది నుంచి తెచ్చి శుద్ధిచేసినది. నల్లా రాని రోజుల్లో బోరు నీరే ఆధారమైతే, గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో ఒక సీసా నీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ అంకెను గోడ మీద రాసిపెట్టుకోండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు: నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. బట్టతో వడగట్టడం, క్యాండిల్ ఫిల్టరు కూడా దీనికి పనికిరావు. మెంబ్రేన్‌ను, అంటే లోపలి వడపోత పొరను, వేళకు మార్చే ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది. ఊళ్లో డబ్బా నీళ్లు కొనేవారు ఆ ప్లాంటులో మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో అడగడంలో తప్పు లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే విధానాన్ని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది, దానిని దేశమంతా నల్లగొండ పద్ధతి అంటారు; కానీ నీటి గుణాన్ని బట్టి పటిక మోతాదు కొలిచి వేయాలి గనుక ఇంట్లో ఉజ్జాయింపుగా చేయదగిన పని కాదు.

నాలుగవ మెట్టు: ఆకు కొనడం, కాచడం

డబ్బా మీద పదార్థాల జాబితాలో గ్రీన్ టీ ఆకు ఒక్కటే ఉండాలి, లేదా తులసి, అల్లం, నిమ్మగడ్డి వంటివి మాత్రమే తోడుగా ఉండాలి. వేడినీళ్లలో కలిపితే చాలనే ప్రీమిక్స్ పొడుల్లో, సీసాల్లో చల్లగా అమ్మే గ్రీన్ టీల్లో చక్కెర కలిసి ఉండడం మామూలు; చక్కెర, గ్లూకోజ్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పేర్లు కనిపిస్తే పక్కన పెట్టండి. అస్సాం, నీలగిరి, హిమాచల్‌లోని కాంగ్రా ఆకులు ఏవైనా సరే, ముక్కలు కాని విడి ఆకు మేలు. మన ఎండాకాలపు వేడికి తెరిచిన డబ్బాలో ఆకు త్వరగా వాసన కోల్పోతుంది గనుక చిన్న పొట్లమే కొని, వెలుతురు తగలని బిగుతైన డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచండి.

ఒక కప్పుకు, అంటే నూట యాభై నుంచి రెండు వందల మిల్లీలీటర్ల నీటికి, రెండు గ్రాముల ఆకు చాలు; ఇది సుమారుగా ఒక చెంచా, లేదా ఒక టీ బ్యాగు. నీటిని మరిగించి, పొయ్యి ఆపి, గిన్నె మూత తీసి నాలుగైదు నిమిషాలు ఉంచితే వేడి ఎనభై డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అప్పుడు ఆకు వేసి మూతపెట్టి రెండు మూడు నిమిషాల తరువాత వడగట్టాలి. మన ఛాయ్ మాదిరిగా ఆకును పొయ్యి మీద బాగా మరిగిస్తే కాటెచిన్‌లు కొంత ఎక్కువ దిగే మాట నిజమే గాని, చేదు, వగరు, కెఫీన్ కూడా వాటితో పాటు పెరుగుతాయి. ఆ చేదును చంపడానికి చెయ్యి మళ్లీ చక్కెర డబ్బా మీదికి పోతుంది. పాలు వద్దు. కొన్ని చుక్కల నిమ్మరసం రుచికి బాగుంటుంది. ఇలా కాచిన కప్పులో కేలరీలు లేనట్లే లెక్క, కెఫీన్ ముప్ఫై నలభై మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

అయిదవ మెట్టు: ఏ వేళకు తాగాలి

రోజుకు రెండు కప్పులు, మహా అయితే మూడు చాలు. పరగడుపున తాగితే కొందరికి కడుపులో మంట, వికారం వస్తాయి. భోజనంతో పాటు తాగితే మరో నష్టం ఉంది: జొన్న, సజ్జ రొట్టెల్లో, తోటకూర, పప్పుల్లో ఉండే ఇనుమును టీలోని పదార్థాలు పట్టుకుని ఒంటికి పట్టనీయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మధ్య మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. అందువల్ల తిన్న తరువాత గంట సేపు ఆగి తాగడం ఆడవారికి తప్పనిసరి అనే చెప్పాలి. ఇనుము లోపం వల్ల హెచ్‌బీఏ1సీ అసలు కన్నా ఎక్కువగా కనిపించే అవకాశం కూడా ఉంది గనుక, రక్తహీనత ఉన్న షుగర్ రోగి దానికి వేరుగా చికిత్స తీసుకోవాలి. ఉదయం పదకొండు, సాయంత్రం నాలుగు చాలామందికి కుదిరే వేళలు. చీకటి పడ్డాక తాగితే నిద్ర చెడుతుంది; నిద్ర చెడితే మరునాడు షుగర్ పెరుగుతుంది.

గోలీలు మంచినీళ్లతోనే వేసుకోండి. థైరాయిడ్ గోలీ వేసుకున్నాక గంట వరకు ఏ టీ అయినా ఆగాలి. ఐరన్ గోలీకి, టీకి మధ్య కూడా కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉండాలి.

వీరు ముందుగా డాక్టరును అడగాలి: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ లేదా కాలేయ జబ్బు ఉన్నవారు, గుండెదడ ఉన్నవారు, రక్తం పలచబడడానికి వార్ఫారిన్ వాడేవారు, బీపీకి నాడొలాల్ వాడేవారు. బరువు తగ్గిస్తాయంటూ అమ్మే గ్రీన్ టీ సారపు గుళికల జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. గుళికల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్లు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. రెండు మూడు కప్పుల టీలో ఆ మోతాదు రాదు.

ఆరవ మెట్టు: ఫలితం చూసుకోవడం

రోజూ వేలు పొడుచుకుని గ్రీన్ టీ గుణాన్ని వెతకడం వృథా. వారానికి రెండు రోజులు, ఒకే వేళకు, చేయి కడుక్కుని ఆరబెట్టుకున్నాక పరగడుపు షుగర్ చూసి, పక్కనే ఆ రోజు ఎన్ని చెంచాల చక్కెర తాగారో రాయండి. నెల గడిచాక రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెంచాలు తగ్గిన వారాల్లో అంకెలు ఎటు కదిలాయో తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీని మూడు నెలలకు ఒకసారి చేయించండి; అంతకన్నా ముందు చేయిస్తే మార్పు పూర్తిగా కనిపించదు. చక్కెర బాగా తగ్గించినా అంకె కదలకపోతే, కంచంలోని అన్నం పరిమాణం, భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నడక, గోలీల మోతాదు అనే మూడింటినీ డాక్టరుతో మాట్లాడాలి. గ్రీన్ టీ కప్పులు పెంచడం వల్ల ప్రయోజనం ఉండదు.

పరగడుపు పరీక్షకు వెళ్లే రోజున ఎనిమిది గంటల ముందు నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ తీసుకోకూడదు. చక్కెర లేని గ్రీన్ టీని కూడా రక్తం ఇచ్చిన తరువాతే తాగండి. భోజనం తరువాతి పరీక్షకు రెండు గంటలను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న సమయం నుంచి లెక్కించాలి, ఆ రెండు గంటల్లో కూడా నీళ్లే తాగాలి. హెచ్‌బీఏ1సీకి మాత్రం పరగడుపున ఉండనవసరం లేదు.